1988 బెంజ్ 230ఈ, ఏపీ-09 నంబరు: పాత ఓనర్ల చిట్టా తీయడం ఎలా?

తార్నాక_టర్బో

బోయిన్‌పల్లిలో ఒక 230ఈ బేరానికి వచ్చింది. డబ్ల్యూ124 బాడీ, నలుపు, పెట్రోలు, ఆటోమేటిక్. బండి కండిషన్ సంగతి నేను చూసుకుంటాను. సలహా కావాల్సింది కాగితాల గురించి.

ఆర్సీలో ఉన్నది ఇదీ: తయారీ 1988. రిజిస్ట్రేషన్ 1997 నవంబరు, ఖైరతాబాద్ ఆర్టీఓ ఆఫీసు. వ్యాలిడిటీ 2025 ఆగస్టు 13తో అయిపోయింది. ఓనర్ సీరియల్ 2. ఓనర్ పేరు దగ్గర సికింద్రాబాద్ చిరునామాతో ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. హైపోథెకేషన్, అంటే లోనుకు తాకట్టు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్.

అమ్మే ఆయన మాట వేరు. 1990లో ఒక నవాబు గారి కుటుంబం లండన్ నుంచి తెప్పించుకుందట, వాళ్ల దగ్గర్నుంచి నేరుగా తమ మేనమామ కంపెనీకి వచ్చిందట, మధ్యలో ఇంకెవరూ లేరట. ఆ నవాబు పేరు చెప్పి మామూలు 230ఈ రేటు మీద బాగానే ఎక్కువ అడుగుతున్నాడు. బండి వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో కొడితే పనికొచ్చేదేమీ రాలేదు.

ఈ బండి మొదటి నుంచి ఎవరెవరి చేతులు మారిందో కాగితం మీద తేల్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఏజెంటుకు డబ్బులిస్తే "పర్టిక్యులర్స్" తీయిస్తానంటున్నాడు. అది నమ్మొచ్చా?

స్పానర్‌సెట్

ఏజెంటు తెచ్చే పర్టిక్యులర్స్ అంటే కంప్యూటర్లో ఇప్పుడున్న ఎంట్రీకి ప్రింటు. మీ చేతిలో ఉన్న ఆర్సీలో ఏముందో అందులోనూ అదే ఉంటుంది. దానికి డబ్బు దండగ.

నంబరు ప్లేటు పక్కన పెట్టి ఛాసిస్ నంబరుతో మొదలుపెట్టండి. రాష్ట్రం మారితే ప్లేటు మారుతుంది, ఛాసిస్ మారదు. ఈ మోడల్లో చూడాల్సిన చోట్లు రెండు. బానెట్ ఎత్తితే ఇంజన్ వెనక ఫైర్‌వాల్ రేకు మీద కొట్టిన నంబరు ఒకటి. ముందు రేడియేటర్ పైన అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్ మీద బిగించిన ప్లేటు రెండోది. ప్లేటు ఊడదీసి ఇంకో బండికి పెట్టడం పెద్ద పనేం కాదు, కాబట్టి ఫైర్‌వాల్ మీదున్నదే ప్రమాణం. ప్లేటు అసలు లేకపోతే కంగారు పడొద్దు. ముందు గట్టిగా గుద్దుకున్న బండికి క్రాస్‌మెంబర్ మార్చినప్పుడు ప్లేటు పాతదానితోపాటు తుక్కులోకి పోతుంది. అంటే యాక్సిడెంటు జరిగిందన్నమాట, అది బేరంలో పనికొస్తుంది. రెండూ ఉండి నంబర్లు కలవకపోతే మాత్రం అక్కడితో ఆపేసి ఇంటికి రండి.

ఫైర్‌వాల్ నంబరు మీద మట్టి, నూనె పట్టి ఉంటాయి. కిరోసిన్‌లో తడిపిన గుడ్డ, పాత టూత్‌బ్రష్షు చాలు. ఎమిరీ పేపరు, వైరుబ్రష్షు ముట్టించొద్దు. కొత్త గీతలు కనిపిస్తే నంబరు దిద్దారని రేపు ఇన్‌స్పెక్షన్లో మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ) ఆపేస్తాడు. రేకు ఆరాక మెత్తటి పెన్సిల్ ములుకును పక్కకు వాల్చి అంకెల మీద రుద్ది, వెడల్పాటి సెల్లోటేపు అతికించి మెల్లగా లాగండి. అచ్చు టేపుకు దిగుతుంది, తెల్లకాగితం మీద అంటించుకోండి. ఫోటో కన్నా ఇదే మేలు. అంకెల ఎత్తు, వరస, మధ్య ఎడం ఒకేలా ఉన్నాయో లేదో టేపు మీద తేలిగ్గా తెలుస్తుంది. ఒక అంకె మిగతావాటికన్నా లోతుగా దిగినా, చుట్టూ వెల్డింగు గీత కనిపించినా, ఆ ఒక్కచోటే పెయింటు మందంగా ఉన్నా అనుమానించాల్సిందే.

నంబరు 17 అక్షరాలు. 230ఈ అయితే డబ్ల్యూడీబీ124023 అని మొదలవుతుంది. 124 బాడీ, 023 మోడలు. పదో స్థానంలోని అంకె చాలామంది పట్టించుకోరు, మీకు అదే ముఖ్యం: 1 అయితే ఫ్యాక్టరీ నుంచి ఎడమచేతి స్టీరింగుతో వచ్చింది, 2 అయితే కుడిచేతి స్టీరింగు. పదకొండోది ఫ్యాక్టరీ అక్షరం, ఏ నుంచి ఈ వరకు జిండెల్‌ఫింగెన్, ఎఫ్ అయితే బ్రేమెన్. చివరి ఆరూ సీరియల్. (అమెరికా బండ్లలాగా పదో అక్షరాన్ని తయారీ సంవత్సరంగా చదివే వెబ్‌సైట్లు కొన్ని ఉన్నాయి. యూరప్ బెంజికి అది పనిచేయదు.)

ఇంజన్ నంబరులో మొదటి ఆరంకెలు ఇంజన్ రకం. 230ఈకి 102982 ఉండాలి. 601తోనో 602తోనో మొదలైతే అది డీజిల్. పెట్రోలు ఖర్చుకు భయపడి డీజిల్ దించిన బెంజిలు మన ఊళ్లో చాలానే ఉన్నాయి. దించితే దించారు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్సీలో ఎక్కించారా లేదా అన్నది చూడాలి. రేకు మీది నంబరుకూ ఆర్సీకీ ఒక అక్షరం తేడా వస్తే వెంటనే దొంగబండి అనుకోవద్దు. పాత రిజిస్టర్ల నుంచి కంప్యూటర్‌కు ఎక్కించినప్పుడు బీని 8గా, 0ని ఓగా కొట్టిన ఆర్సీలు బోలెడు. అసలు ఛాసిస్ నంబరులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ఆర్సీలో ఓ కనిపిస్తే అది సున్నానే. దిద్దించుకోవచ్చు, కానీ మీరు కొనకముందు ఓనర్ చేతే దిద్దించాలి.

ఇక మీ ఆర్సీలోనే ఒక విషయం దాగుంది. రిజిస్ట్రేషన్ 1997 నవంబరు అంటుంది, వ్యాలిడిటీ ఆగస్టు 13న ముగిసింది. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, తర్వాత ఐదేసి ఏళ్లు. 1997 నవంబరుకు 15 కలిపితే 2012 నవంబరు వస్తుంది. అక్కణ్నుంచి ఎన్ని ఐదులు కలిపినా 2025 ఆగస్టు రాదు. వెనక్కి లెక్కపెట్టండి: 2025, 2020, 2015, 2010, 2005. అందులోంచి 15 తీస్తే 1990 ఆగస్టు 14. అంటే ఈ బండి మనదేశంలో మొదటిసారి రిజిస్టర్ అయింది 1990 ఆగస్టులో, ఏపీ-09తో కాదు. ఏడేళ్లు ఇంకో నంబరుతో ఉంది. బహుశా వేరే రాష్ట్రం. ఆ నంబరు దొరికితే కథ సగం దొరికినట్టే.

ఫారం29

పైన చెప్పిన లెక్క సరైనదే. దాని వెనకే ఇంకోటి: "ఓనర్ సీరియల్ 2" అంటే ఈ బండికి ఇద్దరే ఓనర్లని అర్థం కాదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చి కొత్త నంబరు పడితే లెక్క మళ్లీ ఒకటితో మొదలైన ఆర్సీలే ఎక్కువ. ఇక్కడ రెండో ఓనర్ అని మాత్రమే అనుకోండి.

పాత నంబరు ఎక్కడుంటుందంటే, ఖైరతాబాద్ ఫైల్లో. వేరే రాష్ట్రం బండికి ఇక్కడ నంబరు వేయాలంటే సెక్షన్ 47 కింద ఫారం 27, అక్కడి ఆర్టీఓ అభ్యంతరం లేదని ఇచ్చిన ఎన్ఓసీ అంటే ఫారం 28, పాత ఆర్సీ పెట్టాలి. ఆ తర్వాత ఇక్కడ చేయి మారినప్పుడల్లా ఫారం 29, 30. ఓనర్ చనిపోయి వారసులకు ఎక్కితే ఫారం 31, వేలంలో కొంటే 32. లోను ఎక్కిస్తే 34, తీరిస్తే 35. ఈ కాగితాలను తేదీల వరసలో పేర్చితే అదే మీకు కావాల్సిన చిట్టా. ఏ రెండు కాగితాల మధ్య ఖాళీ ఉందో అక్కడ వేలు పెట్టి అడగాలి.

ముందు ఉచితంగా దొరికేవి చూడండి. పాత ఆర్సీ పుస్తకం జిరాక్సు, పాత ఇన్సూరెన్స్ పాలసీలు, సర్వీస్ బుక్కు. పాలసీ మీద ఓనర్ పేరు, నంబరు, ఛాసిస్, ఫైనాన్స్ చేసిన బ్యాంకు, తేదీలు అన్నీ ఉంటాయి. ఆర్సీ కన్నా పాలసీయే ఎక్కువ మాట్లాడుతుంది. 30 ఏళ్ల బండికి ఒక్క పాత కాగితం కూడా లేదనేవాడితో జాగ్రత్త.

ఫైలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. ఫీజు 10 రూపాయలు, నకళ్లకు పేజీకి 2, జవాబుకు గడువు 30 రోజులు. అయితే మీరు మూడో మనిషిగా పాత ఓనర్ల పేర్లు అడిగితే వ్యక్తిగత వివరాలంటూ ఆ చట్టం సెక్షన్ 8(1)(జె) చూపించి కొట్టేస్తారు. 2023 డేటా రక్షణ చట్టంతో ఆ సెక్షన్ ఇంకా బిగిసింది. కాబట్టి ఇప్పటి ఓనర్ చేతే అడిగించండి. తన బండి ఫైలు తను అడుగుతున్నప్పుడు ఆ అడ్డంకి ఉండదు. ఓనర్ కుదరదంటే మీరు పేర్లు వదిలేసి మిగతావి అడగండి: మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, పాత నంబరు, ఎన్ఓసీ నంబరు, దాని తేదీ, ఎన్ని ట్రాన్స్‌ఫర్లు ఏ తేదీల్లో అయ్యాయి, హైపోథెకేషన్ ఎప్పుడు ఎక్కింది, ఫైలు మీద పోలీసుల నుంచిగానీ కోర్టు నుంచిగానీ హోల్డ్ ఉందా. జవాబు రాకపోయినా నచ్చకపోయినా 30 రోజుల్లో అదే ఆఫీసు పైఅధికారికి మొదటి అప్పీలు వేయండి.

నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో ఆన్‌లైన్లో వాహనాలకు ఎన్ఓసీ ఇస్తుంది. నంబరు, ఛాసిస్, ఇంజన్ నంబరు కొడితే దొంగతనం కేసుల జాబితాలో ఉందో లేదో చెబుతుంది. పాత నంబరు దొరికాక దానితో కూడా విడిగా కొట్టండి. పోయిన బండి ఫిర్యాదు అప్పటి నంబరు మీదే ఉంటుంది.

ఎంపరివాహన్‌లో ఏమీ రాలేదంటే బండిలో లోపం ఉందని కాదు. తెలంగాణ రవాణాశాఖ చాలాకాలం సొంత డేటాబేస్ నడిపింది, ఎంపరివాహన్ చూసే కేంద్ర డేటాబేస్ వాహన్‌లో లేదు. వేరే రాష్ట్రం పాత నంబరు మాత్రం అందులో దొరికే అవకాశం ఉంది. దొరికితే "ఎన్ఓసీ ఇష్యూడ్" అని ఉండాలి. ఇంకా "యాక్టివ్" అని ఉంటే ఎన్ఓసీ కాగితం నిజమైనదేనా అని అక్కడి ఆర్టీఓను అడగాల్సిందే.

తార్నాక_టర్బో

ఇద్దరికీ థాంక్స్ అండీ. టేపు అచ్చు తీశాను, అంకెలు ఒకే వరసలో శుభ్రంగా ఉన్నాయి, క్రాస్‌మెంబర్ ప్లేటుతో కలిసింది. డబ్ల్యూడీబీ124023 తర్వాత 1బి, ఆపైన సీరియల్. ఇంజన్ 102982. ఆర్సీతో తేడా లేదు.

పాత ఆర్సీ పుస్తకం జిరాక్సు కూడా దొరికింది. ఎంహెచ్-01 నంబరు, 1990 ఆగస్టు 14. మొదటి ఓనర్ ఒక వ్యక్తి, ముంబయి చిరునామా, పక్కన "ఇంపోర్టెడ్" అని చేతిరాత. 1994లో ఒక ముంబయి కంపెనీకి ట్రాన్స్‌ఫర్. 1997 సెప్టెంబరులో హైదరాబాద్‌కు ఎన్ఓసీ. నవాబు పేరు ఎక్కడా లేదు.

బండి మాత్రం కుడిచేతి స్టీరింగే. పదో అంకె 1 ఏంటి మరి?

స్పానర్‌సెట్

ఎడమచేతి స్టీరింగుతో పుట్టి ఇక్కడ కుడికి మార్చిన బండి అది. లండన్ బండి అయ్యే అవకాశం దాదాపు లేదు. ఇంగ్లండ్‌లో అమ్మిన 230ఈకి అక్కడ 2 ఉంటుంది, స్పీడోమీటరు మైళ్లలో ఉంటుంది. మీది కిలోమీటర్లలో ఉండే ఉంటుంది, చూడండి. ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు తెచ్చుకున్న కార్లు ఇలాంటివే.

రుజువు కావాలంటే ఫ్యాక్టరీ డేటాకార్డు తెప్పించుకోండి. ఛాసిస్ నంబరు మీద ఇంజన్, గేరుబాక్సు నంబర్లు, రంగు కోడ్, ఆప్షన్ కోడ్‌లు, ఆర్డర్ నంబరు వస్తాయి. ఓనర్ల పేర్లుండవు, కానీ ఆర్డర్ నంబరులోనే బండిని ఏ దేశం కోసం కట్టారో చెప్పే కోడ్ ఉంటుంది. ఆప్షన్లు కూడా చూడండి. 580 అంటే ఏసీ. 873 అంటే సీటు హీటర్లు, అది ఉంటే గల్ఫ్ అన్న నా అంచనా తప్పు, చలిదేశం బండి అన్నమాట. రంగు 040 అయితే నలుపు పుట్టుకతోనే ఉంది, ఇంకో కోడ్ ఉంటే తర్వాత వేసిన నలుపు.

స్టీరింగు మార్చిన బండి అనగానే కాగితాలతోపాటు రేకు కూడా చూడాలి. 124లో స్టీరింగు బాక్సు ఛాసిస్ పట్టీకి బోల్టులతో ఉంటుంది. కుడికి మార్చాలంటే కుడి పట్టీకి రంధ్రాలు వేసి లోపల బలం కోసం పలకలు వెల్డ్ చేయాలి. బండిని లిఫ్ట్ మీద పెట్టి, ఇంజన్ ఆపి, ఒకరు స్టీరింగును అటూఇటూ గట్టిగా తిప్పుతుంటే ఇంకొకరు కింద నుంచి ఆ బాక్సు మొదలును చూడాలి. బాక్సుతోపాటు పట్టీ రేకు కూడా ఊగుతుంటే వెల్డు చుట్టూ వెంట్రుకంత పగులు వెతకండి, మొదట అక్కడే వస్తుంది. ఎడమవైపు పట్టీ మీద పాత బోల్టు రంధ్రాలు, ఫైర్‌వాల్ మీద బ్రేక్ బూస్టరు ఉన్న చోట మూసిన రేకు కూడా కనిపిస్తాయి. హెడ్‌లైట్లు కూడా ఎడమచేతి బండివే మిగిలితే లో బీమ్ ఎదుటివాడి కళ్లలో కొడుతుంది.

ఇంకోమాట: వెనక సీటు ఎత్తి కింద రేకు చూడండి. సీటు బెల్టులు పూర్తిగా బయటికి లాగి చివరి అడుగు చూడండి, బెల్టు మీద తయారీ తేదీ లేబుల్ కూడా ఉంటుంది. 2000 ఆగస్టులోనూ 2020 అక్టోబరులోనూ మన ఊళ్లో సెల్లార్లు మునిగాయి. బురద గీత ఎంత కడిగినా బెల్టు చుట్టలో మిగులుతుంది.

ఫారం29

ముంబయి నంబరు, "ఇంపోర్టెడ్" అన్న రాత దొరికాయి కాబట్టి ఇప్పుడు కస్టమ్స్ కాగితం అడగాలి. ఇంపోర్టెడ్ బండిని మొదటిసారి రిజిస్టర్ చేయాలంటే రూల్ 47 ప్రకారం కస్టమ్స్ క్లియరెన్స్ సర్టిఫికెట్, లైసెన్సు, బాండు ఉంటే అదీ పెట్టాలి. విదేశం నుంచి తిరిగొస్తూ తెచ్చుకున్న కార్లకు కొంతకాలం అమ్మకూడదన్న షరతు ఉండేది. 1990లో ఎక్కించి 1994లో అమ్మారు కాబట్టి ఆ షరతు ఎంతకాలానికి పెట్టారో బాండు కాగితం మీద చూసుకోవాలి. అది ఎంహెచ్-01 నంబర్లిచ్చే టార్డియో ఆర్టీఓ ఫైల్లో ఉండాలి, లేదా దిగుమతికి కస్టమ్స్‌లో వేసే కాగితం, బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరైనా ఉండాలి. మహారాష్ట్రకు సమాచార హక్కు పోర్టల్ విడిగా ఉంది, అక్కడ ఆన్‌లైన్లోనే వేయొచ్చు. కస్టమ్స్ కేంద్ర శాఖ కాబట్టి దానికి కేంద్ర పోర్టల్.

35 ఏళ్ల కిందటి ఫైలు దొరకలేదని జవాబు రావొచ్చు. అది కూడా లిఖితపూర్వకంగా తీసుకుని దాచండి. డ్యూటీ కట్టని విదేశీ కార్ల మీద కస్టమ్స్ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. 2025 సెప్టెంబరులో కేరళలో "ఆపరేషన్ నుమ్‌ఖోర్" పేరుతో భూటాన్ మీదుగా వచ్చిన కార్లు పట్టుకున్నారు, అప్పుడు బండి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే కాగితాలు చూపించుకోవాల్సి వచ్చింది. మీ బండి ఆ కోవలోది అనట్లేదు. 1990లో మామూలు దారిలో ఎక్కినట్టే ఉంది. కానీ ఓనర్ దగ్గర కాగితం ఉండటం వేరు, ఉండే ఉంటుందనుకోవడం వేరు.

ఆ "ఇంపోర్టెడ్" మాటకు ఇప్పుడు ధర కూడా ఉంది. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 10,000. అదే ఇంపోర్టెడ్ అయితే 80,000. ఆలస్యానికి నెలకు 500, మన గ్రీన్ టాక్సు వేరే. ఇప్పటి తెలంగాణ ఎంట్రీలో ఆ మాట ఉందో లేదో చూసి బేరంలో కలుపుకోండి. ఎంట్రీలో లేదు కదా అని మురిసిపోవద్దు, డబ్ల్యూడీబీతో మొదలయ్యే నంబరు చూసి కౌంటర్లో అడుగుతారు. వింటేజ్ కింద ఎక్కిద్దామంటే దానికి 50 ఏళ్లు నిండాలి, ఇది ఎక్కడ.

బాండుపేపర్

మీరంతా ముంబయిలో వెతుకుతున్నారు, ముడి సికింద్రాబాద్‌లో ఉంది. ఓనర్ కంపెనీ. వ్యాలిడిటీ అయిపోయిన ఆర్సీ మీద ట్రాన్స్‌ఫర్ ఎక్కదు, ముందు ఫారం 25 మీద రెన్యువల్ చేయించాలి. దాని మీద సంతకం పెట్టాల్సింది ఆ కంపెనీ. కంపెనీ బతికుందా?

కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఎంసీఏ సైట్లో కంపెనీ పేరు కొట్టండి, మాస్టర్ డేటా ఉచితం. స్టేటస్ "యాక్టివ్" అయితే పని తేలిక: బోర్డు తీర్మానం లెటర్‌హెడ్ మీద, ఎవరు సంతకం పెట్టాలో పేరుతో సహా, ఆ సంతకం పెట్టేవాడు సైట్లో డైరెక్టరుగా కనిపిస్తున్నాడో లేదో చూసుకుని ముందుకెళ్లండి. మేనల్లుడి సంతకం పనికిరాదు, ఎంత దగ్గర చుట్టమైనా సరే.

"స్ట్రక్ ఆఫ్" అని ఉంటే కథ మారుతుంది. పేరు కొట్టేసిన కంపెనీ తరఫున మాజీ డైరెక్టర్లు ఆస్తి అమ్మలేరు. ఎవరికీ చెందని ఆస్తి ప్రభుత్వానికి పోతుందన్నది రాజ్యాంగం 296వ అధికరణలోనే ఉంది. దారి ఒక్కటే, కంపెనీల చట్టం సెక్షన్ 252 కింద హైదరాబాద్‌లోని కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో పేరు పునరుద్ధరించుకోవడం. గెజిట్‌లో పడిన 20 ఏళ్లలోపు సభ్యులో, కంపెనీకి అప్పిచ్చినవాళ్లో అడగొచ్చు. ఒక పాత కారు కోసం ఎవరూ అంత దూరం వెళ్లరు. అందుకే ఇలాంటి బండ్లు ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలతో చేతులు మారుతుంటాయి. ఆ సంతకాలు ఎప్పటివో, పెట్టినవాడు ఇప్పుడున్నాడో లేడో ఎవరికీ తెలియదు. "లిక్విడేషన్" అని ఉంటే లిక్విడేటర్ మాత్రమే అమ్మగలడు.

అదే సైట్లో చార్జీల పట్టిక చూడండి. కంపెనీ తీసుకున్న లోనుకు బండి తాకట్టు పెడితే రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలి. పాత చట్టంలో ఫారం 8, తీరిస్తే ఫారం 17. 100 రూపాయలు కట్టి ఆ కంపెనీ పబ్లిక్ కాగితాలు చూడొచ్చు. పాత కాగితాలన్నీ ఎక్కి ఉంటాయని లేదు, ఉన్నంతవరకు లోను తేదీ, బ్రాంచి, తీరిందో లేదో తెలుస్తుంది.

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది కాబట్టి ఎన్ఓసీ, ఫారం 35 మీద సంతకం రెండూ ఎస్‌బీఐ నుంచే రావాలి. పాత బ్రాంచి ఇప్పుడు ఏ బ్రాంచి కింద ఉందో కనుక్కుని కంపెనీ తరఫునే ఉత్తరం పెట్టించండి. లోను ఖాతా నంబరు లేకపోతే వాళ్లు వెతకలేరు, అది పాత పాలసీ మీదో చార్జీ కాగితాల మీదో దొరకొచ్చు. రికార్డు లేదంటే ఊరుకోవద్దు, "ఈ వాహనంపై మాకు బాకీ లేదు" అని ఉత్తరం అడగండి. ఆర్సీ మీద బ్యాంకు పేరుండగా మీ పేరు ఎక్కదు.

కింగ్‌కోఠి_కబుర్లు

నవాబు సంగతి నేను చెబుతాను. మన ఊళ్లో అమ్మకానికొచ్చే పాత బెంజ్ ప్రతిదీ ఏదో ఒక నవాబు గారి దేవిడీలోంచే వస్తుంది, అడిగి చూడండి. ఆ మాటకు ఎక్కువ డబ్బు ఇవ్వాలంటే ఆ పేరు బండి కాగితం మీద ఉండాలి. ఆర్సీ, పాలసీ, సర్వీస్ బుక్కు, కస్టమ్స్ కాగితం, ఏదో ఒకదాని మీద. లేదా నంబరు ప్లేటు చదవడానికి వీలైన పాత ఫోటో ఉండాలి, ఆ నంబరు ఈ ఛాసిస్‌దని తేలాలి. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 సిల్వర్ గోస్ట్‌ను ఎవరూ ఊహతో నిజాందని అనరు. రోల్స్‌రాయిస్‌కు ఛాసిస్‌వారీ తయారీ కాగితాలు ఉన్నాయి, ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్‌షైర్‌లోని ఓనర్ల క్లబ్బు భద్రపరుస్తుంది. బెంజ్ డేటాకార్డు అంత ఇవ్వదు.

అమ్మేవాడి వైపు ఒక మాట కూడా చెప్పాలి. నంబరు ముంబయిది అయినంత మాత్రాన బండి ముంబయిలోనే తిరిగిందని కాదు. 12 నెలలు దాటితే నంబరు మార్చుకోవాలని చట్టం, కానీ మార్చుకోకుండా తిప్పినవాళ్లకు కొదవ లేదు. 1997లో ఎన్ఓసీ మీద ఇక్కడ మొదట ఎవరి పేరు ఎక్కిందో చూడండి. సీరియల్ 2 కంపెనీ అయితే సీరియల్ 1 ఎవరు? అది నవాబు గారి కుటుంబమే అయితే సగం నిజం చెప్పినట్టు. "1990 నుంచి", "లండన్ నుంచి", "మధ్యలో ఇంకెవరూ లేరు" అన్న మూడూ మాత్రం ఇప్పటికే పోయాయి.

ఆ సీరియల్ 1 ఆచూకీ దొరికితే వెళ్లి కలవండి. పాత ఓనర్లు సాధారణంగా మాట్లాడరు, పోలీసు కేసేమోనని భయం. ఎప్పుడో అమ్మేసిన బండి యాక్సిడెంటు చేసినా ఆర్సీలో పేరున్నవాడే బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తన పేరు ఎప్పుడు దిగిపోయిందో ఆ తేదీ ఉన్న కాగితం చూపిస్తే మాట్లాడతారు, ఒక్కోసారి పాత ఫోటోలు కూడా తీసిస్తారు.

తార్నాక_టర్బో

కంపెనీ స్టేటస్ "యాక్టివ్". మేనమామ ఇంకా డైరెక్టరే. చార్జీల్లో 1999 నాటి వాహన లోను ఒకటి కనిపిస్తోంది, తీరినట్టు ఎంట్రీ లేదు. ఇప్పుడు అడ్వాన్సు ఇవ్వొచ్చా? టోకెన్ ఇస్తే గానీ బండి ఆపనంటున్నాడు.

బాండుపేపర్

టోకెన్ ఇవ్వండి, కానీ కంపెనీ ఖాతాకు ఇవ్వండి. మేనల్లుడి యూపీఐకి పంపొద్దు. స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకోండి: ఛాసిస్, ఇంజన్ నంబర్లు, రెండు రిజిస్ట్రేషన్ నంబర్లూ వేసి, ఎస్‌బీఐ ఎన్ఓసీ, ఫారం 35, రెన్యువల్ మూడూ అమ్మే కంపెనీ ఖర్చుతో కంపెనీయే చేయించాలని, రెన్యువల్ ఇంపోర్టెడ్ రేటు పడినా అది వాళ్లదేనని, ఫలానా తేదీలోపు కాకపోతే టోకెన్ తిరిగివ్వాలని. 1999 లోను తీరినట్టు ఎంట్రీ లేకపోవడం మామూలే, తీర్చేసి ఫారం 17 వేయడం మరిచిపోయిన కంపెనీలు చాలా. ఎస్‌బీఐ బాకీ లేదని ఇస్తే రిజిస్ట్రార్ దగ్గర కూడా తీరినట్టు ఎక్కించుకోమనండి.

ఫారం29

టోకెన్ ఇచ్చిన రోజే ఖైరతాబాద్ ఫైలుకు దరఖాస్తు మీద మేనమామ గారి చేత సంతకం పెట్టించుకోండి, కంపెనీ ముద్రతో. డబ్బు పూర్తిగా చేతిలో పడ్డాక అలాంటి సంతకాల కోసం తిరగాల్సి వస్తుంది. దరఖాస్తులో ఎంహెచ్-01 నంబరు, ఎన్ఓసీ తేదీ రాయండి, లేకపోతే ఏపీ-09 ఎంట్రీ ఒక్కటే ప్రింటు తీసి ఇస్తారు. అప్పటిదాకా ట్రయలుకు కూడా రోడ్డెక్కించొద్దు. వ్యాలిడిటీ లేని బండికి ఏమైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లతో తలనొప్పి. లిఫ్ట్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లాలంటే బండిని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ పెట్టుకోండి.